గురువారం వస్తాడని నేనన్నాను

బెంగళూరు,
ఆదివారం పొద్దున్న.

పద్మక్కకి,

నీ చెల్లెలు అరుణ దణ్ణాలు పెట్టి రాస్తున్నది. నువ్వూ బావగారూ అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. అత్తయ్యగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నూనె రాయించుకుంటున్నారా, లేక ఇంకా బిళ్ళలే మింగుతున్నారా? మా హాసిని నీ ప్రాణం తియ్యడం లేదు కదా. నేనిక్కడ క్షేమం. ఉత్తరంలో ఆ మాట రాయాలి కాబట్టి రాశాను, నువ్వు నమ్మక్కర్లేదు. నాకేం బాగాలేదక్కా. పది రోజులుగా సగం కంచం వదిలేసి లేచిపోతున్నాను.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం రాయడమేవిటే, నీకేమన్నా పిచ్చా అంటావు. ఫోను చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. హాసిని నీ ఒళ్ళోకెక్కి కూర్చుని, నేను దగ్గితే ఎందుకు దగ్గావని అడుగుతుంది. దాని ముందు చెప్పే సంగతి కాదిది. బావగారికి చదివి వినిపించినా ఫరవాలేదు. దాని కంట మటుకు పడనివ్వకు. మూడో క్లాసుకొచ్చే పిల్ల, కూడబలుక్కుని అయినా చదివేస్తుంది.

ముందు ఇక్కడి సంగతులు చెప్పేస్తాను, లేకపోతే చెప్పలేదేవని నువ్వే అలుగుతావు. మే నెలలో కూడా ఇక్కడ పొద్దున్నే చన్నీళ్ళు పోసుకోలేం. అక్కడ మీరు ఉక్కపోతకి అల్లాడిపోతుంటే నేను దుప్పటి కప్పుకుని పడుకుంటున్నానంటే నీకు ఒళ్ళు మండుతుంది గానీ నిజం. సాయంత్రమయ్యేసరికి ఉన్నట్టుండి వాన కురుస్తుంది, పది నిమిషాల్లో ఏమీ ఎరగనట్టు ఆగిపోతుంది. హాస్టల్లో సాంబారులో బెల్లం వేస్తారు. మొదటి నెల కళ్ళు మూసుకుని తిన్నాను. రెండో నెల నుంచి నీ కారప్పొడి మీదే బతుకుతున్నాను, అదీ అడుగంటింది. ఎవరైనా బందరులో యశ్వంతపూర్ బండి ఎక్కుతుంటే కారప్పొడీ, గోంగూర పచ్చడీ పంపించు. ఎండుచేపలు మటుకు వద్దు, మెత్తళ్ళయినా సరే. పోయినసారి పంపినవి నాలుగు వేయించానో లేదో మేడ మొత్తం లేచి వచ్చింది. హాస్టలామె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, ఎక్కడో ఎలక చచ్చింది వెతకండీ అంది. ఏం చెయ్యను, నేనూ వాళ్ళతో కలిసి మంచాల కింద వెతికాను.

గదిలో నలుగురం. నలుగురివీ నాలుగు రకాల షిఫ్టులు. ఒకరు లేచేసరికి ఇంకొకరు పడుకుంటారు. రోజుకి తొమ్మిది గంటలు మాట్లాడే ఉద్యోగం చేస్తూ, మాట్లాడ్డానికి మనిషి లేక చస్తున్నాను. చెప్తే నవ్వొస్తుంది కదూ.

నా ఉద్యోగం సంగతి ఎన్నిసార్లు చెప్పినా నువ్వు ఫోన్లెత్తే పని అనే అంటావు. అదే, కాదనను. ఇంగ్లండులో ముసలివాళ్ళ ఇళ్ళల్లో మెట్ల పక్కనే ఇనప పట్టా బిగించి, దాని మీద కుర్చీ ఒకటి పెడతారు. మీట నొక్కితే ఆ కుర్చీ మనిషిని మేడ మీదకి తీసుకెళ్తుంది, మళ్ళీ కిందకి దింపుతుంది. ఆ కుర్చీలు అమ్మే కంపెనీకి వచ్చే ఫోన్లు ఇక్కడ మేం ఎత్తుతాం. కుర్చీ ఆగిపోతే మాకు చేస్తారు, మేం రాసుకుని అక్కడి మెకానిక్కులకి పంపిస్తాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రాత్రి పదిన్నర దాకా పని. ఆరు నెలలు నిండితే పర్మనెంటు చేస్తారు. పర్మనెంటయితే ఇంటి నుంచే పని చేసుకోనిస్తారు. నాకు కావలసింది ఆ ఒక్కటే. ఇంట్లో ఉండి పని చేసుకుంటేనే హాసినిని తెచ్చుకోగలను. లేకపోతే స్కూలు నుంచి వచ్చిన పిల్లని పదిన్నర దాకా ఎవరు చూస్తారు? మా ఇద్దర్నీ వదిలేసి వెళ్ళినాయన ఊసు ఈ ఉత్తరంలో వద్దు. జూన్ మొదటికి నాకు ఆరు నెలలు నిండుతాయి. జూన్‌లో వచ్చి తీసుకెళ్తానని దానికి చెప్పాను. స్కూలు చూశాను. హాస్టలు వెనక వీధిలో గది కూడా చూసి పెట్టాను. చిన్నదే గానీ కిటికీ ఉంది, నీళ్ళకి ఇబ్బంది లేదు.

ఇప్పుడా జూన్‌కే ఎసరొచ్చింది. ఎలా వచ్చిందో మొదట్నుంచీ చెప్పాలి.

చేరగానే పదిహేను రోజులు ట్రైనింగు ఇచ్చారు. నా ఇంగ్లీషుకి నవ్వుతారేమోనని బెదురుతూ వెళ్ళాను. తీరా చూస్తే వాళ్ళు నేర్పింది ఇంగ్లీషు కాదు. ఎప్పుడు 'నేను' అనాలి, ఎప్పుడు 'మేము' అనాలి, అదీ నేర్పింది. గోడకి ఇంత పెద్ద కాగితం అంటించారు. ఆకుపచ్చ గళ్ళలో 'ఐ' ఉంటుంది. హౌ మే ఐ హెల్ప్ యు, అక్కడ నేను. మీ బాధ నాకు అర్థమైందండీ, అక్కడా నేనే. వినేవాళ్ళకి ఎదురుగా మనిషి ఉన్నట్టు ఉండాలిట. ఎర్ర గళ్ళ దగ్గరికొచ్చేసరికి 'వి'. ఆలస్యమైతే మేము చింతిస్తున్నాం. తప్పు జరిగితే మేము విచారిస్తాం. మాట ఇవ్వాల్సి వస్తే అసలివ్వకూడదు, మేము ప్రయత్నిస్తాం అనాలి. ఇక తప్పు కస్టమరుదే అయితే 'యు' అన్న మాటే నోటెంట రాకూడదు. మీరు మీట నొక్కలేదు అనకూడదు, మీట నొక్కబడలేదు అనాలి. మీట దానంతట అదే అలిగి కూర్చున్నట్టు!

మొదట్లో నాకు సరదాగానే ఉండేది. మన బందరు బట్టల కొట్లో సేల్సబ్బాయి ఏమంటాడు? "ఈ రంగు మనకి బావుంటుందండీ, మన దగ్గర రేటు ఫిక్సుడండీ" అంటాడు. చీర కట్టుకునేది నువ్వు, డబ్బు కట్టేది నువ్వు, మనకి అంటూ వాడూ దూరతాడు. అలాంటిదేలే ఇదీ అనుకున్నాను. కానీ వాడు మనల్ని కూడా కొట్లోకి లాక్కుంటాడు. వీళ్ళ 'వి' అలాంటిది కాదు. అవతలి మనిషిని గడప బయటే నుంచోబెట్టి, లోపలి నుంచి మాట్లాడే మాట. లోపల ఎవరున్నారో ఆయనకి తెలీదు, నాకూ తెలీదు.

రెండు వారాల కిందట ఒక పెద్దాయన ఫోను వచ్చింది. పేరు ఆర్థర్. ఎనభై దాటినట్టుంది గొంతు వింటే. వాళ్ళింటి కుర్చీ ఆగిపోయి పంతొమ్మిది రోజులైంది. భార్య జోన్‌గారు మేడ మీద ఉండిపోయింది, తుంటి ఎముకకి ఆపరేషనైన మనిషి, మెట్లు దిగలేదు. ఈయన కిందనే వండి పళ్ళెం పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. ఒకసారి పులుసు ఒలికి కాలు కూడా జారిందట. అప్పటికి ఐదుసార్లు ఫోను చేశాడు. ఐదుసార్లూ ఐదుగురు అమ్మాయిలు, మేము విచారిస్తున్నాం, మేము ప్రయత్నిస్తున్నాం అన్నారు. ఆయనకి కోపం కూడా రాలేదక్కా. కోప్పడితే నాకు తేలిగ్గా ఉండేది. మెల్లగా అడిగాడు, "అమ్మా, ఎవరైనా ఒక్కరు చూస్తారా దీని సంగతి?" అని. మన భాషలో రాస్తున్నాను గానీ ఆయన అన్నది అదే.

నేను చూస్తానండీ అన్నాను. 'ఐ విల్ సీ టు ఇట్' అన్నాను. గురువారం మనిషి వస్తాడు, నాదీ పూచీ, నా పేరు అరుణ అన్నాను.

ఎందుకన్నావే అంటే ఏం చెప్పను? మన అద్దకం షెడ్డులో పెరిగిన నోరు. నాన్న పద్ధతి బావగారికి తెలీదు, ఇది చదివినప్పుడు చెప్పు. మన ఒక్కళ్ళ షెడ్డే కాదు, పెడనలో పాత అద్దకంవాళ్ళందరి పద్ధతీ అదే. గుడ్డ మీద అచ్చు తప్పు పడితే షెడ్డు యజమాని వెళ్ళి షావుకారుకి సంజాయిషీ చెప్పడు. ఎవరి చెయ్యి తప్పిందో వాళ్ళే ఆ గుడ్డ పట్టుకుని వెళ్ళాలి, నా చేత పోయిందండీ, మళ్ళీ వేసిస్తాను అనాలి. నాకు పదహారేళ్ళప్పుడు దుప్పటి అంచు పొడుగునా నెమళ్ళని తలకిందులుగా అద్దాను చూడు. గుడివాడ దాకా బస్సులో వెళ్ళాం. నువ్వు షావుకారు ఎదుట నవ్వు ఆపుకోలేనని బస్టాండులోనే ఉండిపోయావు. నేను లోపలికెళ్ళి, నేనే వేశానండీ, బుధవారానికి కొత్తది ఇస్తాను అన్నాను. ఆయన ఆ దుప్పటి తిప్పి పట్టుకుని చూసి, నెమళ్ళు బానే ఉన్నాయి, ఇల్లే తలకిందులు చెయ్యాలి అన్నాడు. బుధవారానికి ఇచ్చాం. ఇచ్చామంటే, నా చేతులే కాబట్టి ఇవ్వగలిగాను.

అక్కడే నేను బోల్తా పడ్డాను. షెడ్డులో మాట అనే నోరూ, పని చేసే చెయ్యీ ఒక్క మనిషివే. ఇక్కడ నోరు బెంగళూరులో ఉంది, చెయ్యి ఇంకో దేశంలో ఎవరిదో. మెకానిక్కుకి చెప్పాను. వాళ్ళ పైవాళ్ళకి మూడు మెయిళ్ళు పెట్టాను. సామాన్ల లెక్క చూసే అతని టేబులు దగ్గరకెళ్ళి నుంచున్నాను. కుర్చీలో వెయ్యాల్సిన చిన్న పళ్ళ చక్రం ఒకటి స్టాకులో లేదట, ఎప్పుడొస్తుందో తెలీదట. ఆ సంగతి స్క్రీను మీద ముందే ఉంది. నేను చూశాను కూడా. వెంటబడితే దొరక్కపోతుందా అనుకున్నాను. తప్పు నాదేనక్కా, దాన్ని నీ దగ్గర దాచను.

గురువారం ఎవరూ వెళ్ళలేదు. జోన్‌గారు పొద్దున్నే తయారై, కాళ్ళకి బూట్లేసుకుని, మెట్ల పైన కుర్చీ వేసుకుని కూర్చుందట. చీకటి పడేదాకా కూర్చుందట. ఇదంతా శుక్రవారం ఆయన ఫోను చేస్తే ఇంకో అమ్మాయి ఎత్తి రాసుకుంది. ఆయన తిట్టలేదు. అరుణతో మాట్లాడాలి, ఆ అమ్మాయి తను చూస్తానంది, ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుంది అన్నాడట. నా మీద కంప్లయింటు కూడా కాదది, నన్ను నమ్మి అడిగాడు. దాంతో కొంప మునిగింది. పైవాళ్ళు నా కాల్ రికార్డు తీసి విన్నారు. ఐ అన్నాను, పూచీ అన్నాను, పేరు చెప్పాను. మా రూలు ప్రకారం అలా అంటే అది కంపెనీ మాటిచ్చినట్టే. మాట తప్పితే నష్టపరిహారం, పైన రిపోర్టు, ఏవేవో ఉన్నాయి.

మా టీమ్ లీడరు షీలా మేడమ్ నన్ను లోపలికి పిలిచింది. చెడ్డ మనిషి కాదు. ఈ ఊరి మనిషే అయినా నాకోసం వచ్చీరాని తెలుగులో మాట్లాడుతుంది. మంగళవారం నేనే ఆ పెద్దాయనకి ఫోను చెయ్యాలిట. ఒక కాగితం ఇచ్చింది, దాని మీద ఉన్నది ఉన్నట్టు చదవాలి. మా వైపు నుంచి ఎటువంటి మాటా ఇవ్వబడలేదు, అపార్థానికి మేము చింతిస్తున్నాం, అంతే. ఆయన సరే అంటే గొడవ అక్కడితో సద్దుమణుగుతుంది, జూన్‌లో నా పర్మనెంటు కాగితం వస్తుంది. లేదంటే నా ఆరు నెలలూ మళ్ళీ మొదటికే.

అంటే, నేను అనలేదని నేనే చెప్పాలి. అన్నానని ఒప్పుకుంటే హాసిని నా దగ్గరికి రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నిజంగా అలాగే ఉంది.

ఇంకొకటి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. పోయిన ఆదివారం హాసిని ఫోనులో, "అమ్మా, జూన్‌లో ఏ రోజొస్తావు?" అని అడిగింది కదా. నువ్వు పక్కనే ఉన్నావు, విన్నావో లేదో. నేను ఏ ధ్యాసలో ఉన్నానో, మేము చూస్తున్నామమ్మా, త్వరలో చెప్తాం అన్నాను. అచ్చం కస్టమరుతో అన్నట్టే. అది వెంటనే, "మేము అంటే ఎవరమ్మా? నీ దగ్గర ఇంకెవరున్నారు?" అంది. సిగ్నలు లేదని ఫోను పెట్టేశాను. సిగ్నలుంది. బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

నువ్వయితే ఏం చేస్తావక్కా? ఆ కాగితం చదివేస్తావా? ఒక ముసలాయనకి ఒక్క అబద్ధం, అదీ నాది కాదు, కంపెనీది, ఇంగ్లండులో. నా పిల్ల నాకు కావాలి. ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఆలోచించినా, చదివెయ్యి, చదివేసి పిల్లని తెచ్చుకో అనే అనిపిస్తోంది. చదివేస్తాను. దేవుడు నాకేమీ అడ్డం రాకుండా ఉంటే చాలు.

బుధవారం.

ఆదివారం రాసినది పోస్టులో వెయ్యలేదు. నీ సలహా అడిగి, నీ సలహా వచ్చేలోపే పని అయిపోతుందని తెలిసీ రాశాను, చూడు నా తెలివి. మిగతాది కూడా రాసి ఒకేసారి పంపిస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం మూడింటికి షీలా మేడమ్ పక్కన కూర్చుని, తను కూడా వినడానికి హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుంది. కాగితం నా ముందు పెట్టింది. నేను ఫోను చేశాను. ఆయన ఎత్తగానే నా గొంతు గుర్తుపట్టాడు. అరుణా అన్నాడు, చివర దీర్ఘం తీసి. కాగితం చూసి చదవడం మొదలుపెట్టాను. మా వైపు నుంచి ఎటువంటి మాటా ఇవ్వబడలేదు అన్నదాకా చదివాను. గొంతు ఒణకలేదు కూడా. బాగా నేర్పారక్కా నాకు.

ఆయన గొంతు తగ్గించి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు. "అమ్మా, నేను కంపెనీని అడగడం లేదు. నాకీమధ్య మతిమరుపు వస్తోంది. గురువారం అన్నారని నేను పుస్తకంలో రాసుకున్నాను. మా అమ్మాయేమో, ఎవరూ అనలేదు నాన్నా, నువ్వే ఊహించుకున్నావు అంటోంది. ఇలాగే మొదలవుతుందిట. నాకు నిజం చెప్పు. నేను ఊహించుకున్నానా?"

అక్కా, కుర్చీ గురించి అడిగితే ఆ కాగితం మొత్తం చదివేసి ఉండేదాన్ని. ఒట్టు. కోప్పడినా చదివేదాన్ని. ఆయన అడిగింది కుర్చీ గురించి కాదు. తన బుర్ర తన దగ్గరే ఉందా అని అడిగాడు, అదీ నన్ను. ఇంకెవరినీ అడగలేడు. ఆ మాట అన్న మనిషిని నేనొక్కదాన్నే. షీలా మేడమ్ నా ముంజేయి పట్టుకుంది. కాగితం మీద తర్వాతి వాక్యం వేలితో చూపించింది.

"ఐ సెడ్ ఇట్" అన్నాను. నేనే అన్నానండీ. మీరు సరిగ్గానే విన్నారు, సరిగ్గానే రాసుకున్నారు. నేను అనకుండా ఉండాల్సింది, ఆ చక్రం లేదని నాకు ముందే తెలుసు, అయినా అన్నాను, మీ ఆవిడని రోజంతా కూర్చోబెట్టాను అన్నాను. ఏడుస్తూ అన్నాను కాబట్టి ఎంత అర్థమైందో తెలీదు. ఆయన ఫోను పక్కన పెట్టి గట్టిగా అరిచాడు, "జోన్, ఆ అమ్మాయి అన్నదట" అని. మేడ మీద నుంచి ఆవిడ ఏదో అంది. తర్వాత ఆయన ఫోనులోకి వచ్చి నాకు థాంక్స్ చెప్పాడు. కుర్చీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

షీలా మేడమ్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "అరుణా, నీకు పిల్ల ఉంది కదా" అంది. ఆ ఒక్క మాటే నిన్నట్నుంచి నా చెవుల్లో హోరు పెడుతోంది.

ఉద్యోగం తియ్యలేదు, కంగారు పడకు. ఆరు నెలలూ మళ్ళీ మొదటికి వచ్చాయి. డిసెంబరు దాకా నేను ఆఫీసుకెళ్ళి చెయ్యాల్సిందే. అప్పుడైనా ఇస్తారని నమ్మకం లేదు. రికార్డులో నేను ఒప్పుకున్నది ఉంది కాబట్టి ఆ పెద్దాయన ఇంటికి మనిషిని పంపక తప్పదట. ఎప్పుడు పంపుతారో నాకు తెలీదు, ఆ ఫైలు నా చేతిలోంచి తీసేశారు. వెనక వీధి గదివాళ్ళకి పొద్దున్నే వెళ్ళి వద్దని చెప్పి వచ్చాను. అప్పటికే వాళ్ళు సున్నం వేయిస్తున్నారు.

నేను చేసింది మంచిదా చెడ్డదా నాకు తెలియడం లేదక్కా. మంచి పని చేస్తే మనసు తేలికపడుతుందంటారు. నాకేం పడలేదు. ఎవరో ఆర్థర్‌గారి కోసం నా పిల్లని ఇంకో ఆరు నెలలు అమ్మ లేకుండా చేశాను. బెల్లం సాంబారు ముందు కూర్చుని, నీకు బుద్ధుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మళ్ళీ ఆయన అడిగినా మళ్ళీ అదే చెప్తాను, అదింకా ఏడుపు.

ఇంకో ఆరు నెలలు దాన్ని నీ మీద పడేస్తున్నాను. నీ అద్దకం పనీ, అత్తయ్యగారి మోకాళ్ళూ, పైన నా పిల్ల. నీ ఋణం ఎలా తీర్చుకోవాలో తెలీదు. బావగారు ఏమైనా అంటే పడతాను, నా తరఫున నువ్వు వాదించకు. అక్కడి స్కూల్లో దాని పేరు తియ్యమని చెప్పాను చూడు, వెంటనే వెళ్ళి తియ్యొద్దని చెప్పు. ఎండాకాలం పొక్కులొస్తే వేపాకు నీళ్ళు పొయ్యి, పౌడరు పుయ్యకు, దానికి పడదు. అత్తయ్యగారికి నా దణ్ణాలు. బావగారికి నమస్కారం. వీధి చివర పిన్నిగారు అడిగితే అరుణ బావుందని చెప్పు, మిగతాది ఎందుకులే.

ఇక ఒకే ఒక్కటి, దీన్ని కాదనకు. ఈ ఉత్తరం శనివారానికి నీకు అందుతుంది. హాసిని అప్పుడే బట్టలు మడిచి సంచీలో పెట్టుకుందని పోయినవారం నవ్వుతూ చెప్పావు. ఆ సంచీ నువ్వు విప్పకు. దానికి ముందే ఏమీ చెప్పకు. ఆఫీసువాళ్ళు కుదరదన్నారే తల్లీ, మనమేం చేస్తాం అని నీ అలవాటు ప్రకారం సర్దిచెప్తావు, నాకు తెలుసు. వద్దక్కా. ఆఫీసువాళ్ళు దానికి ఎవరు? జూన్‌లో వస్తానన్నది నేను. రాలేనిదీ నేనే. ఆదివారం పొద్దున పదింటికి ఫోను చేస్తాను. స్పీకరు పెట్టకుండా దాని చేతికిచ్చి నువ్వు షెడ్డులోకి వెళ్ళిపో. నేను చెప్తాను. అది ఏడుస్తుంది, అరుస్తుంది, ఫోను విసిరికొట్టినా కొడుతుంది. అప్పుడు కూడా వెంటనే రాకు. దానికి కోప్పడ్డానికి ఒక మనిషి దొరకాలి కదా. నన్ను తిట్టనీ.

ఈసారి నిజంగానే నీ దీవెన అవసరమై అడుగుతున్న
నీ చెల్లెలు,
అరుణ